నా వంతుకు పలకని మెటికలు

మా మనవరాలు బడి వ్యాను నడిపే అతనికి మధ్యవేలు చూపించిందట. బడివాళ్లు ఫోన్ చేసి సాయంత్రం వచ్చి కలవమన్నారు. కోడలు వెళ్లి మాట్లాడి వచ్చింది. వచ్చాక పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కొట్టకుండా తిట్టకుండా, ఆ వేలికి అర్థమేమిటో, చూసినవాళ్లకు ఎందుకు కష్టం కలుగుతుందో అరగంటసేపు చెప్పింది. నేను వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటున్నాను. విన్నంతసేపూ ఎనిమిదేళ్ల ఆ పిల్ల మీద నాకు కుళ్లుగానే ఉంది. నాకు ఆ వయసులో ఎవరైనా ఇంత నెమ్మదిగా ఏదైనా చెప్పారా అనిపించింది. మనవరాలి మీద కుళ్లేమిటని మీరు నవ్వుకోవచ్చు. నా కుళ్లుకు వయసూ వరసా ఎప్పుడూ లేవు.

"ఎవరు నేర్పారు నీకు?" అని కోడలు అడిగితే "ఎవరూ నేర్పలేదు" అంది పిల్ల, నేల చూపులు చూస్తూ. ఆ మాట విని నేను తలెత్తి వసంత వైపు చూశాను. వసంత మా చిన్నమ్మ కూతురు, నాకన్నా మూడేళ్లు చిన్న. కళ్లు చూపించుకోవడానికి కుప్పం నుంచి మదనపల్లె వచ్చి రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది. నా పక్కన పీట మీద కూర్చుని తనూ కాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. యాభై ఏళ్ల కిందట పుంగనూరులో మా అవ్వ ముందు నిలబడి సరిగ్గా ఇదే మాట చెప్పిన పిల్ల తనే. ఆ రోజు తనకు నేర్పింది నేను.

అప్పట్లో మా అమ్మ మదనపల్లెలో ఆసుపత్రి నర్సు. నాన్న లారీ మీద పోతే వారానికొకసారి వచ్చేవాడు. అమ్మకు డ్యూటీలు మారుతూ ఉండేవి కాబట్టి నన్ను ఐదో ఏటనే పుంగనూరులో అమ్మమ్మ దగ్గర ఉంచారు. మేము ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్లం. ఊరి చివర మట్టి మిద్దె, ముందు రెండు తిన్నెలు, వెనక కొట్టంలో పొట్టి ఆవు. నడిమింట్లో ఒక మూల నిండా విత్తనానికి దాచిన చెనక్కాయలు. ఆ ఇంట్లో ఏ గదిలోకి పోయినా చెనక్కాయ పొట్టు వాసన, దాని వెనకాలే పేడ వాసన, పొద్దు గూకితే పిడకల పొగ. అవ్వ తెల్లవారి లేచి ఆవు మొహం చూసి గానీ మనిషి మొహం చూసేది కాదు. కాఫీ ఇత్తడి లోటాలో తాగేది, ఆఖరి గుక్క నాకు వదిలేది. ఆ గుక్కలో చక్కెరంతా అడుగున ఉండేది. అది నా హక్కు అనుకుంటూ నాలుగేళ్లు పెరిగాను.

దీపం పెట్టే వేళకు అవ్వ నాకు కాళ్లూ మొహమూ కడిగి తిన్నె మీద కూర్చోబెట్టేది. రెండు చేతులూ నా తల మీంచి చెంపల దాకా దించి, ఆ వేళ్లను మడిచి తన కణతలకు ఆనించి నొక్కేది. పటపటమని మెటికలు విరిగేవి. "ఎంత దిష్టి తగిలుండాది సూడు నా బిడ్డకు" అనేది. నేను లెక్కపెట్టుకునేదాన్ని. ఏడు, ఎనిమిది, ఒక్కోసారి పది. ఎన్ని విరిగితే అంతమంది కళ్లు నా మీద పడ్డట్టని, అంతమంది కళ్లు పడాలంటే నేను అంత ముద్దుగా ఉన్నట్టేనని నా లెక్క. తక్కువ విరిగిన రోజు అన్నం సరిగ్గా సహించేది కాదు.

ఆ ఇంటికి వసంత వచ్చింది. కుప్పంలో మా చిన్నమ్మ జబ్బు చేసి పోయింది. కర్మలన్నీ అయ్యాక చిన్నాయన పిల్లను, ఒక రేకుపెట్టెను తెచ్చి అవ్వకు అప్పజెప్పి పోయాడు. ఆరేళ్ల పిల్ల. పెద్ద కళ్లు, చింపిరి జుట్టు, అవుననడానికి మాట మాటకూ "ఆమా, ఆమా" అనే కుప్పం యాస. వీధి వీధంతా వచ్చి చూసింది. "తల్లి లేని బిడ్డ" అని ప్రతివాళ్లూ ముద్దు పెట్టుకున్నారు. లోటాలో ఆఖరి గుక్క దానిదైంది. పాలదాకలో గీకిన మీగడ దానిదైంది. అవ్వ పక్కలో గోడ వైపు చోటు నాది, అది కూడా దానిదైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, తల్లి లేకపోవడం మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. మా అమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం బస్సుకు బన్ను పొట్లంతో వచ్చేది. ఆమె ఒళ్లో కూర్చుని కూడా, మా అమ్మే లేకపోతే అవ్వ నన్నే ఎక్కువ చూసేది కదా అనుకున్నాను. అమ్మ ఉన్నంతసేపూ వసంత కొట్టంలోకి పోయి ఆవు దగ్గర కూర్చునేది. దానికి ఆవంటే ఇష్టమేమో అనుకున్నాను.

అన్నిటికన్నా నన్ను కాల్చింది మెటికలు. తల్లి లేని పిల్ల కాబట్టి అవ్వ ముందు దానికే దిష్టి తీసేది. పది వేళ్లూ పటపటమని విరిగేవి. ఆ వెంటనే నా వైపు తిరిగి, అవే చేతులు నా చెంపల మీద పెట్టి, కణతలకు ఆనించి నొక్కేది. చప్పుడు ఉండేది కాదు. ఒకటో అరో విరిగితే విరిగినట్టు. "నీకేం లేదులే, నువ్వు బాగుండావు" అని అవ్వ లేచిపోయేది. నాకు దిష్టి లేదంటే నన్ను ఎవరూ చూడటం లేదని అర్థం చేసుకున్నాను. అద్దంలో చూసుకుని ముక్కు పెద్దదైందేమోనని కొలుచుకునేదాన్ని. ఒకసారి విరిచిన వేలు మళ్లీ విరగాలంటే కాసేపు ఆగాలని, అది వేలి గుణమే తప్ప ఎవరి అందంతోనూ పని లేదని నా చేతులు నాకే చెప్పేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి.

ఆ కాలంలో పిల్లలకు చేతి భాష ఎవరూ నేర్పేవాళ్లు కాదు, కొట్టి మానిపించేవాళ్లు. ఎడమచేత్తో ఏదైనా అందిస్తే చెయ్యి మీద ఒకటి పడేది. పెద్దవాళ్ల ఎదుట కాలు ఊపితే తొడ మీద ఒకటి. బొటనవేలు ఆడిస్తే నెత్తి మీద ఒకటి. ఎందుకని అడిగితే ఇంకొకటి. కాబట్టి అర్థాలు మేమే కట్టుకునేవాళ్లం. వసంత రాకముందు ఒకరోజు వీధి కొళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందెల వరస కోసం కొట్లాడుకున్నారు. అందులో ఒకామె వేళ్లలో వేళ్లు పెట్టి, చేతులు ఎదుటామె వైపు చాపి, మెటికలు విరిచి, వంగి పిడికెడు మన్ను తీసి ఆమె ముందర చల్లింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. అవ్వ నన్ను రెక్క పట్టి ఇంట్లోకి లాక్కొచ్చింది. "అదేందవ్వా?" అంటే "నోరు మూసుకో" అంది. నోరు మూసుకున్నాను గానీ చూసింది మరిచిపోలేదు. దిష్టి తీసే మెటికలే బయటికి తిప్పితే మనుషులు భయపడతారని ఆ రోజే తెలిసింది.

అవ్వ కొడుకు, మా మామ కూడా ఆ ఇంట్లోనే ఉండేవాడు. ఆయన భార్య సరోజత్తది వెంకటగిరికోట, మా మాటల్లో కోట. అప్పటికి రెండు కాన్పులు పోయాయి. మూడోసారి ఏడో నెల నిండాక పుట్టింటికి తీసుకుపోవడానికి ఆమె తల్లి వచ్చింది. ఇల్లంతా ఆమె చుట్టూ నడిచేది. ఆమె తుమ్మితే నీళ్లు, లేస్తే ఒక చెయ్యి. అవ్వ ఆమె కోసం చెనగపిండితో ఏదో ఒకటి చేసి దాచేది. బయలుదేరే రోజు ఇంటి ఆడవాళ్లందరూ గడప దగ్గర వరసగా నిలబడి ఆమెకు దిష్టి తీస్తారని, పిల్లలు కూడా తీయవచ్చని ముందురోజు అవ్వ చెప్పింది. చెబుతూ వసంత తల నిమిరింది. "నా చిన్నమ్మి సేత్తో తీస్తే ఏ కన్నూ ఆనదు" అంది. నేను పక్కనే ఉన్నాను. నా చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నం వసంతను ఆవు కొట్టంలోకి తీసుకుపోయాను. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను, తొమ్మిదేళ్లకు అంత తెలుస్తుంది.

"పెద్దోళ్లకు దిష్టి ఎట్ల తీస్తారో తెలుసా నీకు?" అన్నాను.

"తెల్దక్కా."

"పిల్లోళ్లకైతే సేతులు కణతలకు పెట్టుకుంటారు. పెద్దోళ్లకైతే ఏళ్లలో ఏళ్లు పెట్టి వాళ్ల పక్కకు సాపి విరవాల. దాని మింద పిడికెడు మన్ను తీసి వాళ్ల ముందర సల్లాల. అప్పుడు దిష్టంతా మన్నులో కలిసిపోతాది."

వసంత నన్ను కాసేపు చూసింది. "ఆమా?" అంది.

"ఆమా" అన్నాను, దాని యాసలోనే.

మర్నాడు పొద్దున వీధిలో జట్కా నిలబడి ఉంది. సరోజత్త పసుపు మొహంతో, మోచేతుల దాకా గాజులతో గడప దాటి నిలబడింది. అవ్వ తీసింది. పక్కింటి పెద్దమ్మ తీసింది. నేను ముందుకు పోలేదు. వసంత పోయింది. బుడిబుడి అడుగులు వేస్తూ అత్త ముందు నిలబడి, వేళ్లలో వేళ్లు పెట్టి, రెండు చేతులూ ఆమె కడుపు వైపు చాపి మెటికలు విరిచింది. వంగి మన్ను తీసి చల్లింది. మన్ను కొత్త చీర కుచ్చిళ్ల మీద పడింది. సరోజత్త రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని వెనక్కి తగ్గింది. ఆమె పెదవులు తెల్లబడటం ఇప్పటికీ నాకు కనబడుతుంది.

"ఇదేనా మీరు పిల్లను పెంచిండేది" అంది కోట నుంచి వచ్చిన ఆమె తల్లి. "రెండు పోగొట్టుకోనుండాది నా బిడ్డ. దాని కడుపుకు శాపం పెట్టిస్తిరే."

అవ్వ వసంత చేతుల మీద కొట్టింది. అవ్వ దాన్ని కొట్టడం అదే మొదలు. "ఎవురు నేర్పిచ్చినారే నీకు ఇది?" అంది.

వసంత ఏడవలేదు. నా వైపు చూడలేదు కూడా. నేల చూస్తూ "ఎవురూ నేర్పలేదవ్వా" అంది.

జట్కా వెళ్లిపోయింది. అది మలుపు తిరిగేదాకా నేను తిన్నె వెనక దాక్కునే ఉన్నాను. ఇంత భయంలోనూ ఇంకో సంగతి గమనించాను. లోపలికి వచ్చాక అవ్వ వసంతను ఒళ్లోకి లాక్కుని, తను కొట్టిన చేతులే పట్టుకుని ఏడ్చింది. దెబ్బ తిన్నదానికీ ఆ ఒళ్లే దొరికింది. తప్పు నాదైనప్పుడు ఆ దెబ్బ నాకు రావాల్సింది, దాని తర్వాతి ఒళ్లు కూడా నాకే రావాల్సింది అనిపించింది. అట్లా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా అనిపించడం ఆగలేదు.

ఆ తర్వాత రెండు నెలలు నేను బతికిన బతుకు ఎవరికీ చెప్పుకోలేదు. కోట నుంచి ఎవరు వచ్చినా తలుపు చాటుకు పోయేదాన్ని. పోస్టుమాను మా వీధిలోకి తిరిగితే పెరట్లోకి పరిగెత్తేదాన్ని. ఆ బిడ్డకు ఏదైనా అయితే అది వసంత చేతుల వల్ల కాదు, నా నోటి వల్ల. బయటికి విరిచిన మెటికలు లోపలికి విరిస్తే వెనక్కి వస్తాయేమోనని ఒక ఉపాయం తోచింది. పొద్దు గూకే వేళ కొట్టం వెనక నిలబడి, కోట ఎటు ఉందో సరిగ్గా తెలియకపోయినా బస్సు పోయే దిక్కుకు తిరిగి, గాలిలో అత్త తలను ఊహించుకుని చేతులు దించి, నా కణతలకు ఆనించి నొక్కేదాన్ని. నా వేళ్లు చిన్నవి. చాలా రోజులు ఒక్కటీ విరగలేదు. అత్తకు తగిలిన శాపం నా చేతికి రావడం లేదని ఏడ్చేదాన్ని.

ఒకరోజు అట్లా నొక్కుకుంటుంటే వెనక నుంచి అవ్వ నా చేతులు పట్టుకుంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. నేర్పింది నువ్వేనా అని అడగలేదు. నా వేళ్లను మడిచి, సరైన చోట ఆనించింది.

"అట్ల గాదు. ఏలి మొదుట్లో నొక్కు. ఆ, అట్ల."

రెండు మెటికలు విరిగాయి. నేను వెక్కివెక్కి ఏడ్చాను. అవ్వ నన్ను నడిమింట్లోకి తీసుకుపోయి చెనక్కాయల ముందు కూర్చోబెట్టింది. విత్తనాల కాయలు చేత్తోనే వొలవాలి, పప్పు పగలకూడదు. తను వొలుస్తూ, నా ముందుకూ కొన్ని తోసి, కాయలతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పింది.

"సెయ్యి లోపలికి తిప్పుకుంటే వాళ్లకు తగిలిండే సెడు మనం తీసుకున్నట్టమ్మీ. బయటికి తిప్పితే మనలో ఉండే సెడు వాళ్లకిచ్చినట్టు. ఏళ్లు అవే, సప్పుడూ అదే. సూసేవాళ్ల గుండెకు తెలస్తాది ఏదేదని."

"అయితే అత్తకు..." అన్నాను.

"అత్తకేం గాదు. మెటికలకు బిడ్డలు పోయేట్టుంటే ఈ ఈదిలో ఒక్క బిడ్డ మిగలదు. పోయేది ఆ మనిషికుండే ధైర్యం. అది పోగొట్టినాం మనం." మనం అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు. "మీకు యాల సెప్పలేదంటే, సెప్తే నేర్సుకుంటారని భయం. సెప్పకుంటే గూడా నేర్సుకుంటిరి. ఇంకమీంద ఏ సెయ్యి యాల ఊపుతారో నన్నడుగు. సెప్తాను."

అడిగాను. బొటనవేలు ఆడిస్తే ఏమిటి, మొహం మీదికి ఐదు వేళ్లూ చాపితే ఏమిటి, బజారులో మొగపిల్లలు పిడికిలి పట్టి ఏదో చేస్తారే అది ఏమిటి. అవ్వ కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఒకదానికి మాత్రం "పెండ్లయినాక తెలస్తాదిలే" అంది. దీపం పెట్టే వేళ దాటిపోయింది. వసంత పక్కింట్లో ఆడుకుంటోంది. ఆ రోజు అవ్వ ముందుగా నాకే దిష్టి తీసింది. పది విరిగాయి. ఇంకో ఇరవై రోజులకు కోట నుంచి కార్డు వచ్చింది. మగబిడ్డ, తల్లీ బిడ్డా క్షేమం. కార్డు చదివింది నేనే. రెండోసారి చదవమంటే కార్డు చూడకుండానే చెప్పాను.

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, ఇదంతా ఆ సాయంత్రం మనవరాలికి చెప్పాను. వసంత ఎదురుగానే చెప్పాను. యాభై ఏళ్లుగా తనతో అనలేకపోయిన మాట, పిల్లకు చెబుతున్నట్టుగానైనా అనేద్దామని. చివర వసంత వైపు తిరిగి "నేనే నేర్పించాను, నిన్ను కొట్టించాను" అన్నాను.

వసంత కాయ తుంచడం ఆపలేదు. "నాకు తెలుసు కదక్కా అది మంచిది గాదని" అంది. "కుప్పంలో మా ఈది కొళాయికాడ దినామూ సూస్తాంటిని."

"తెలిసి ఎందుకు చేశావు?"

"నువ్వు శనివారం శనివారం మీ అమ్మ ఒళ్లో కూసుంటాంటివి. నాకు ఉండేది అవ్వొకటే. కొడుకు బిడ్డ వస్తే ఆ అవ్వ గూడా పోతాదని భయం. ఎట్ల సెయ్యాలా అని నేను అనుకుంటాండంగానే నువ్వొచ్చి సెప్తివి." ఇంకో కాయ తీసుకుని మళ్లీ అంది. "నీ పేరు సెప్పింటే నిన్ను మదనపల్లెకు పంపించేసేవాళ్లు. అప్పుడు నాకు ఎవురుండారు ఆడ?"

మనవరాలు మా ఇద్దరి మొహాలూ చూస్తోంది. యాభై ఏళ్లు నాదే అనుకుని మోసిన తప్పులో సగం వసంత అంత సులువుగా తీసుకుంది. పైగా నన్ను కాపాడింది కూడా తనే. నేను తేలికపడాలి. పడ్డాను కూడా. కానీ నిజం చెప్పాలి కదా, దాని మీద కూడా కాస్త కుళ్లు పుట్టింది.

మర్నాడు పది గంటల బస్సుకు వసంత బయలుదేరింది. నేను తన సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. మనవరాలు బడికి తయారై వచ్చింది. ముందు రోజు అడిగిన ప్రశ్నకు జవాబు వాళ్లమ్మకు పొద్దునే చెప్పిందట. ఎవరి పేరు చెప్పిందో నేను అడగలేదు. వసంత పిల్లను దగ్గరికి తీసుకుని, రెండు చేతులూ తల మీంచి చెంపల దాకా దించి, కణతలకు ఆనించి నొక్కింది. అచ్చం అవ్వ నొక్కినట్టే. పటపటమని పది విరిగాయి. అరవై దాటినదాన్ని, నేను లెక్కపెట్టాను. పిల్ల నవ్వుతూ వ్యాను ఎక్కి పోయింది.

తర్వాత వసంత నా వైపు తిరిగింది. నా చెంపల మీద చేతులు పెట్టి, కణతలకు ఆనించి నొక్కింది. చప్పుడు లేదు.

"పోనీలే, బస్సుకు టైమవుతుంది" అన్నాను.

వసంత నా మొహం చూసింది. నా చేతిలో సంచి తీసి కింద పెట్టింది. గేటు పక్కన అరుగు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకో బస్సుండాది" అంది. "కూసో అక్కా. ఏళ్లకు అలుపు తీరనీ."